పుట్టగొడుగును, బ్రహ్మదండియు

ఏ వస్తువైనను హఠాత్తుగా, విస్తారముగా పుట్టుకొనివచ్చినచో 'పుట్టగొడుగులవలె లేచినవి' అనుట మన వాడుక. క్రొత్త అంగళ్ళు, క్రొత్త కంపెనీలు, క్రొత్త సంఘములు అన్నియు మన మాటలలో పుట్టగొడుగులవలెనే లేచుచుండును. కాని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెవాసుల నడిగినచో, నిజమైన పుట్టగొడుగు అంత సులభముగా దొరకునది కాదని చెప్పుదురు. అది యేడాదిలో కొలది దినములు మాత్రమే కనిపించును. తెల్లవారుజామున లేచినది మరునాటికి విచ్చి వాడిపోవును. అది లేచు చోటు తెలిసినవారు ఆ సంగతిని పొరుగువారికి సైతము చెప్పరు. దీనికి భిన్నముగా బ్రహ్మదండి యను ముండ్లమొక్కను వెదకువారు లేరు. బీళ్ళలో, గట్లపై, బాటప్రక్కల అది తనంతట తాను పెరుగును. ఎవరును నాటరు, ఎవరును నీరు పోయరు, ఎవరును కోయరు.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెనని మేము ఈ ప్రసంగమున సంకల్పించితిమి. ఒకటి మెత్తనిది, మరియొకటి ముండ్లతో నిండినది. ఒకదానికై జనులు పరుగెత్తుదురు, మరియొకదానిని చూచి తొలగిపోవుదురు. రెండును ఒకే ఎఱ్ఱనేలలో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు గజముల దూరముననే కనిపించును. రెండింటిని మనము 'మొక్క' అనియే పిలుచుచుందుము. ఆ మాట ఒకదానికి చెల్లును, రెండవదానికి చెల్లదు. ఈ తారతమ్యము తెలిసికొనుట వినోదముకొరకు మాత్రమే కాదు. వీనిని సరిగా గుర్తింపలేక ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు గనుక, ఇది వంటయింటికి సంబంధించిన విషయము కూడ.

మొదట ఆ ప్రదేశమును తలచుకొందము. పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి భాగమంతయు మైసూరు పీఠభూమి అంచు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. మదనపల్లెకు చేరువనున్న ఏనుగు మల్లమ్మకొండ, అనగా హార్స్‌లీ కొండ, ఇంచుమించు నాలుగువేల అడుగుల ఎత్తుగలది. గుండ్రాళ్ళ గుట్టలు, ఎఱ్ఱని గరపనేలలు, చెఱువులు, వేరుసెనగ చేలు, టమాటా తోటలు, కుప్పము వైపున మల్బరీ తోటలు ఈ సీమకు గుర్తులు. నైరృతి ఋతుపవనము కొంత, ఈశాన్య ఋతుపవనము కొంత ఈ నేలను తడుపును. వాన తక్కువ, కాని వచ్చినప్పుడు నేలలో దాగియున్న ప్రాణులన్నియు ఒక్కమాటుగా మేలుకొనును. కుప్పము మూడు భాషలు కలియుచోటు. అక్కడ తెలుగువారు పుట్టగొడుగు అనుదానినే కన్నడిగులు అణబె అందురు, తమిళులు కాళాన్ అందురు. ఈ మూడు పేర్లలో తెలుగుపేరే ఆ వస్తువుయొక్క రహస్యమును చెప్పుచున్నది. దానిని ముందు వివరింతుము.

ఇక బ్రహ్మదండి సంగతి. ఇది ఒకటి మొదలు మూడు అడుగుల ఎత్తు పెరుగును. ఆకులు లోతుగా చీలి, అంచులయందు వాడియైన ముండ్లు గలిగి, అడుగుభాగమున దూది అద్దినట్లు తెల్లగా నుండును. వానలు వెనుకబట్టిన పిదప చలికాలమున కొమ్మల చివర నీలిచాయ గల తెల్లని బంతులు పూయును. ఆ బంతి చుట్టును కూడ ముండ్లే. ఇంగ్లీషువారు తిసిల్ అని పిలుచు ముండ్లపూల జాతికి ఇది మన నేలయందలి ప్రతినిధి. స్కాట్లండు దేశమునకు జాతీయ చిహ్నమైన పువ్వు ఈ జాతిలోనిదే. ఉత్తరాదివారు మన బ్రహ్మదండిని ఊంట్‌కటారా అందురు. ఒంటెలు మాత్రమే మేయగల ముండ్లమొక్క యని దాని భావము. మన సీమలో ఒంటెలు లేవు గనుక అది నిశ్చింతగా బ్రతుకుచున్నది.

దీనికి శాస్త్రీయనామము పెట్టినవాడు తెలుగుదేశముతో గాఢమైన సంబంధము గలవాడు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1776లో మద్రాసునకు వచ్చి, పిమ్మట గోదావరిసీమలోని సామర్లకోటలో తోటలు వేసి, మన మొక్కలను వందలకొలదిగా వర్ణించి, చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెళ్ళెను. అతడు 1815లో మరణించిన తరువాత, 1832లో సంపూర్ణముగా వెలువడిన 'ఫ్లోరా ఇండికా' అను గ్రంథమున ఈ మొక్క ఎకినాప్స్ ఎకినేటస్ అను పేరుతో చేరినది. గ్రీకుభాషలో ఎకినోస్ అనగా ఒడలంతయు ముండ్లు గల ఒక చిన్నజంతువు. ఓప్స్ అనగా రూపము. పేరు చక్కగా అమరినది.

ఈ మొక్క పువ్వులో ఒక వింత కలదు. మనము ఒక పువ్వు అనుకొను బంతి నిజమునకు ఒక పువ్వు కాదు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు మొదలగు పూల కుటుంబమునకు చెందిన మొక్కలన్నింటియందును 'పువ్వు' అనునది అనేకములైన చిన్నపూవుల గుంపు. బ్రహ్మదండిలో ఈ యేర్పాటు ఇంకొక మెట్టు పైకి పోయినది. దాని బంతిలోని ప్రతి చిన్నపువ్వునకును వేరు వేరుగా ముండ్ల రేకుల గూడు ఉండును. అట్టి గూళ్ళన్నియు కలిసి ఒక బంతియైనవి. ఒక కుటుంబము ఒక యింట కాపురముండుట సాధారణము; ఇక్కడ ప్రతి మనిషికి ఒక ఇల్లు కట్టి, ఆ యిండ్లన్నింటిని ఒక కోటగా కూర్చినట్లున్నది. తేనెటీగలు, సీతాకోకచిలుకలు ఆ కోటమీద వ్రాలి పుప్పొడి మోసికొనిపోవును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. బ్రహ్మదండి యను పేరు అన్నిచోట్ల ఒకే మొక్కకు వాడుటలేదు. పసుపురంగు పూలు పూచి, ఆకు త్రుంచినచో పసుపుపాలు కారు మరొక ముండ్లమొక్కను కూడ పలుచోట్ల బ్రహ్మదండి యనియే అందురు. దానికే బలురక్కసి, పిచ్చికుసుమ అను పేర్లును కలవు. చూపునకు అది తిసిల్ వలె నుండును గాని, కుటుంబరీత్యా గసగసాల మొక్కకు చుట్టము. అది అమెరికా ఖండమునుండి వచ్చి మన నేలలో స్థిరపడినది; 1753లో లినేయస్ దానికి ఆర్జిమోన్ మెక్సికానా అని పేరు పెట్టెను. దాని గింజలు నల్లగా, చిన్నవిగా, ఆవాలను పోలి యుండును. ఆ పోలికలోనే అపాయమున్నది. ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసినచో కాళ్ళు వాచి, ఆయాసము పుట్టి, గుండె బలహీనపడు వ్యాధి కలుగును. 1998లో ఢిల్లీ నగరమున ఇట్టి కల్తీనూనె వలన అరువదిమందికి పైగా మరణించిరి. పేరు ఒక్కటే గదా యని నాటుమందునకు ఒక బ్రహ్మదండికి బదులు మరొక బ్రహ్మదండిని వాడుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి తెలియుచున్నది. గుర్తు సులభము. పసుపుపూవు, పసుపుపాలు ఉన్నచో అది బలురక్కసి. పాలు లేక, నీలిచాయ బంతి ఉన్నచో అది నిజమైన తిసిల్ జాతి బ్రహ్మదండి.

పిచ్చికుసుమ యను పేరు విన్నప్పుడు మంచికుసుమ జ్ఞప్తికి రాకమానదు. దక్కను మెట్టనేలలలో పూర్వమునుండి పండించు కుసుమ కూడ తిసిల్ జాతిదే. బ్రహ్మదండికి నిజమైన బంధువు. దాని పూరేకులనుండి బట్టల కద్దకపు రంగు తీసెడివారు. ఈజిప్టు రాజుల సమాధులలో సైతము కుసుమపూల దండలు దొరకినవి. గింజలనుండి నూనె తీయుదురు. మన రైతులు జొన్నచేనికి చుట్టును కుసుమను చాళ్ళుగా వేసి పశువులు చొరబడకుండ కంచెగా వాడుకొనిరి. ముండ్లు మొక్కకు రక్షణ. ఆ రక్షణనే మనిషి తన చేనికి రక్షణగా మార్చుకొనెను. హైదరాబాదు రాజేంద్రనగరములోని నూనెగింజల పరిశోధన సంస్థవారు ఆముదము, పొద్దుతిరుగుడులతోపాటు కుసుమపైని కూడ పరిశోధనలు సాగించుచున్నారు.

ఇక పుట్టగొడుగు. తెలుగుపేరు దాని రహస్యము చెప్పుచున్నదని పైని అంటిమి. గొడుగు అనునది దాని ఆకారము. పుట్ట అనునది దాని యిల్లు. నాగులచవితినాడు మన స్త్రీలు పాలుపోయు పుట్టయే అది. పుట్టను పాము కట్టదు, చీమయు కట్టదు, చెదపురుగు కట్టును. పాము అక్కడ బాడుగ చెల్లింపని అతిథి మాత్రమే. చెదపుట్టలలో బూజు పెరుగునని వ్రాసిన తొలి శాస్త్రజ్ఞులలో యోహన్ గెర్‌హార్డ్ కోనిగ్ ఒకడు. లినేయస్ శిష్యుడైన ఈ వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, తంజావూరు సీమలోని చెదలను పరిశీలించి, 1779లో తన వ్యాసమును ప్రకటించెను. 1785లో అతడు కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించినప్పుడు అతనికి శుశ్రూష చేసినవాడు మన రాక్స్‌బర్గే. పుట్టలోని బూజును వర్ణించినవాడును, బ్రహ్మదండికి పేరు పెట్టినవాడును ఈ విధముగా ఆంధ్రతీరమున స్నేహితులై యుండుట ఒక సుందరమైన యాదృచ్ఛికము.

చెదపురుగులు కట్టెను, ఎండుటాకును తినునని అందరికి తెలియును. కాని కట్టెలోని గట్టిపదార్థమును పూర్తిగా జీర్ణించుకొను శక్తి ఈ జాతి చెదలకు లేదు. అందుచేత అవి కట్టెను నమిలి, సగము మాత్రమే అరిగించి, విసర్జించి, పుట్టలోపలి గదులలో తేనెపట్టువంటి మెత్తని దిమ్మెలుగా పేర్చును. ఆ దిమ్మెలపై ఒక శిలీంధ్రము, అనగా బూజు, దారములవలె అల్లుకొని పెరిగి ఆ కట్టెను మెత్తబరచును. దిమ్మెలమీద గసగసాలవంటి తెల్లని పూసలు పుట్టును. చెదలు ఆ పూసలను, మెత్తబడిన పాత దిమ్మెలను తినును. పుంగనూరు ఆవును చూడుడు. పొట్టి ఆకారముతో లోకప్రసిద్ధమైన ఆ ఆవు గడ్డిని తానొక్కతియే జీర్ణించుకొనలేదు. దాని పొట్టలో నివసించు సూక్ష్మజీవులు ఆ పని చేసిపెట్టును. చెదలకును అట్టి సహాయమే కావలసివచ్చినది. కాని ఆ పొట్ట పుట్టలో, శరీరమునకు వెలుపల ఉన్నది. ఇంకొక విధముగా చెప్పవలెనన్న, కుప్పము రైతు మల్బరీ ఆకు వేసి పట్టుపురుగును పెంచును. చెదపురుగు కట్టెపొట్టు వేసి బూజును పెంచును.

ఈ వ్యవసాయము నిన్న మొన్నటిది కాదు. ఆఫ్రికాఖండమున సుమారు మూడుకోట్ల సంవత్సరముల క్రిందట మొదలైనదని శాస్త్రజ్ఞుల లెక్క. మనిషి నాగలి పట్టి పదివేల యేండ్లు దాటి ఎంతో కాలము కాలేదు. శిలీంధ్రమును పెంచు చెదజాతులు నేడు మూడువందలకు పైగా ఉన్నవి. ఆ శిలీంధ్రములకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే ఎయిమ్ 1942లో టెర్మిటోమైసిస్ అను పేరు పెట్టెను. చెదలబూజు అని దాని యర్థము. మద్రాసు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు నటరాజన్ 1979లో దక్షిణదేశమున దొరకిన ఒక జాతిని వర్ణించి, ఆ ఫ్రెంచి పండితుని గౌరవార్థము దానికి టెర్మిటోమైసిస్ హెయిమీ అని నామకరణము చేసెను. ఈ జాతులలో కొన్ని గోరంత టోపీలతో నేలపై వందలకొలది లేచును. ఆఫ్రికాలోని జాంబియాదేశమున దొరకు మరొకదాని టోపీ గజము వెడల్పునకు చేరును.

మరి మనము కోసి తెచ్చుకొను గొడుగు ఏది? అది ఆ బూజుయొక్క ఫలము. మామిడిచెట్టునకు మామిడికాయ యెట్టిదో పుట్టలోని బూజునకు గొడుగు అట్టిది. చెట్టు నేలలోపల దాగియుండగా కాయ మాత్రము పైకి వచ్చినదన్నమాట. వానలు పడి నేల నానినప్పుడు పుట్టలోని దిమ్మెనుండి ఒక కాడ బయలుదేరి, మట్టిని చీల్చుకొని పైకి వచ్చును. దాని తలపైనున్న మొనదేలిన బొడిపె మట్టిని తొలుచుటకు ఉపయోగించును. అందుచేతనే ఆ గొడుగును పెల్లగించినచో మూరెడు లోతుదాక సన్నని వేరువంటి కాడ వచ్చును. ఉరుములు ఉరిమిననే పుట్టగొడుగులు లేచునని పల్లెలలో అందురు. ప్రాచీన గ్రీకులును ఇట్టి నమ్మకమును చర్చించిరి. ఉరుముతోపాటు వచ్చు వాన నేలను నానబెట్టి వేడిని తగ్గించును. గొడుగు లేచుటకు ఆ తడియు, చల్లదనమును చాలును.

ఇప్పుడు రెండింటిని పోల్చి చూతము. మొదటి భేదము ఆహారమునకు సంబంధించినది. బ్రహ్మదండి ఆకులలో పత్రహరితమున్నది. ఎండ, గాలి, నీరు ఉన్నచో అది తన అన్నమును తానే వండుకొనును. పుట్టగొడుగునకు పత్రహరితము లేదు. వేరొకటి వండినదానినే అది తినవలెను. రెండవ భేదము దేహనిర్మాణమునకు సంబంధించినది. మొక్కకు వేరు, కాండము, ఆకు, పువ్వు ఉన్నవి. శిలీంధ్రమునకు ఉన్నవి దారములే. గొడుగు సైతము ఆ దారముల అల్లికయే. మూడవది, మొక్క కణములకు గోడ సెల్యులోజుతో కట్టినది. శిలీంధ్ర కణములకు గోడ కైటిన్‌తో కట్టినది. రొయ్య పెంకు, బొద్దింక పెంకు ఆ కైటిన్‌తో ఏర్పడినవే. నాలుగవది సంతానమునకు సంబంధించినది. బ్రహ్మదండి గింజలు కొలదిగా, బరువుగా, కొంత భోజనము మూట గట్టుకొని బయలుదేరును. గొడుగు క్రిందిరేకులనుండి రాలు సిద్ధబీజములు కంటికి కనిపింపని సన్నని దుమ్ము; లెక్కకు మిక్కిలి; చేత కాసంత పాథేయమైనను లేనివి.

ఈ భేదములవలననే శాస్త్రజ్ఞులు తమ అభిప్రాయమును మార్చుకొనవలసివచ్చినది. లినేయస్ కాలమున శిలీంధ్రములను మొక్కలలోనే చేర్చిరి. 1969లో విట్టకర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు జీవకోటిని ఐదు రాజ్యములుగా విభజించి, శిలీంధ్రములకు ప్రత్యేకరాజ్యమిచ్చెను. తరువాతి పరిశోధనలవలన శిలీంధ్రములు మొక్కలకంటె జంతువులకే దగ్గరి చుట్టములని తేలినది. అనగా గట్టుమీది బ్రహ్మదండికంటె గట్టుమీద నడచు రైతునకే పుట్టగొడుగు దగ్గరి బంధువు. వినుటకు వింతగా నున్నను ఇది శాస్త్రసమ్మతము.

అన్నింటికంటె ముఖ్యమైన భేదము మరొకటి కలదు. బ్రహ్మదండి తన స్వభావమును దాచుకొనదు. తాకవద్దని ముండ్లతో చెప్పును. శిలీంధ్రము అట్లు చెప్పదు. మంచిగొడుగును, విషపుగొడుగును రెండును తెల్లగా, మెత్తగా, ముద్దుగా నుండవచ్చును. అమానిటా జాతిలోని కొన్ని గొడుగులందలి విషము ఎంత ఉడికించినను పోదు. అది తిన్నవారికి ఆరుగంటలు, పండ్రెండుగంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఏమియు కాదు. పిమ్మట వాంతులు, విరేచనములు పట్టును. ఒకటి రెండు దినములకు తగ్గినట్లు కనిపించి, ఇంటివారు నిశ్చింతగా నున్న సమయముననే కాలేయము చెడిపోవును. 2022 ఏప్రిల్ నెలలో అస్సాము రాష్ట్రమున విషపుగొడుగులు తిని పదిమందికి పైగా మరణించిరి. వారిలో చాలమంది తేయాకు తోటల కూలివారు. మరొక జాతి తెల్లగొడుగు పశువులు తిరుగు పచ్చికబయళ్ళలో లేచి, ముదిరిన పిదప క్రిందిరేకులు ఆకుపచ్చబారును. అది తిన్న కొలది గంటలలోనే తీవ్రమైన వాంతులు కలిగించును.

వెండినాణెము వేసి ఉడికించినచో విషమున్న గొడుగు నాణెమును నల్లబరచుననియు, వెల్లుల్లి రంగు మారుననియు, పురుగు కొరికిన గొడుగు మనిషికి మంచిదనియు, ఉప్పునీట కడిగినచో విషము పోవుననియు అనేకులు నమ్ముదురు. ఈ నాలుగు పరీక్షలలో ఒక్కటియు నిజము కాదు. పురుగునకు పడినది మనిషికి పడవలెనను నియమము లేదు. వెండి నల్లబడుట గంధకమువలన, విషమువలన కాదు. పుట్టమీద లేచినదై, మొనదేలిన బొడిపె, లోతైన వేరుకాడ ఉన్నప్పుడే పెద్దలు దానిని మంచిదని గుర్తింతురు. కాని ఆ గుర్తులు విని నేర్చుకొనదగినవి కావు. ఏండ్ల తరబడి చేతితో పట్టి చూచినవారికే తెలియదగినవి. మా ప్రసంగము విని గొడుగులు కోయుటకు బయలుదేరవలదని మనవి. అనుభవజ్ఞులు ప్రక్కన లేనప్పుడు అడవిగొడుగును వండకుండుటే మేలు. తిన్న తరువాత ఎవరికైన వాంతులు కలిగినచో, తగ్గునేమో యని ఇంట వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. మిగిలిన గొడుగు ముక్క ఒకటి వెంట తీసికొనిపోయినచో వైద్యునకు సహాయమగును.

పుట్టగొడుగు అంత రుచియైనదైతే దానిని తోటలో పెంచరాదా యని కొందరు అడుగవచ్చును. పెంచుటకు చాలమంది ప్రయత్నించిరి. కాని చెదపురుగు లేక ఆ బూజును గొడుగు కట్టించి, లాభసాటిగా పండించు మార్గము ఇంతవరకు చేజిక్కలేదు. గచ్చుగదిలో గడ్డిమీద పెంచి బజారున అమ్ము ముత్యపు చిప్పగొడుగులు, పాలగొడుగులు, బటన్ గొడుగులు వేరుజాతులవి. వానికి చచ్చిన గడ్డి చాలును. దీనికి బ్రతికిన పుట్ట కావలెను. ఇంటివాడకమునకు బజారు గొడుగులు నిరపాయమైనవి. నిజమైన పుట్టగొడుగు మాత్రము ప్రకృతి యిచ్చినప్పుడే దొరకును.

ఆ యిచ్చుటకు కూడ ఒక షరతు కలదు. తొలకరిలో రెక్కలతో ఎగురు ఉసిళ్ళను అందరు చూచియుందురు. అవి క్రొత్త పుట్టలు పెట్టుటకు బయలుదేరిన చెదల రాజులు, రాణులు. ఈ చెదలలో చాల జాతులయందు ఆ రాజును, రాణియు పుట్టింటి బూజును వెంట తీసికొనిపోవు. క్రొత్తపుట్టలో పుట్టిన మొదటి పనివాండ్రు బయటికి వచ్చి, గొడుగులనుండి రాలిన సిద్ధబీజములను మేతతోపాటు తెచ్చుకొన్నప్పుడే ఆ పుట్టలో వ్యవసాయము మొదలగును. అనగా, ఈ యేటి గొడుగు విచ్చి రాలినప్పుడే రాబోవు కాలపు పుట్టలకు విత్తనము. మనము రుచికొరకు విచ్చని మొగ్గలనన్నింటిని పెల్లగించినచో, విత్తనపు వడ్లను కూడ దంచుకొని తిన్నట్లగును. పుట్టకు నాలుగింటినైన విచ్చి రాలుటకు విడిచిపెట్టుట వివేకము. చేను చదును చేయుటకై పుట్టను యంత్రముతో దున్నివేసినను, చెదల మందు పోసినను, ఆ చోట గొడుగు మరల కనిపింపదు. చేని నడుమనున్న పుట్టను తీసివేయుట రైతునకు తప్పకపోవచ్చును; గట్టుమీది పుట్టను, గుట్టక్రింది పుట్టను ఉంచుట కష్టము కాదు. నాగులచవితి పుణ్యమా యని కొన్ని పుట్టలు ఇప్పటికే నిలిచియున్నవి. ఆ పూజ చేసినవారు తెలియకయే గొడుగును కూడ కాపాడినవారైరి.

బ్రహ్మదండికి ఇట్టి చింత లేదు. ముండ్లు దాని కాపుదల. ఐనను అదియు శిలీంధ్రములతో సంబంధము లేనిది కాదు. ఆ కుటుంబపు మొక్కలలో చాలవాని వేళ్ళలో ఒకరకమైన సూక్ష్మశిలీంధ్రము కాపురముండి, మట్టిలోని భాస్వరమును మొక్కకు అందించి, బదులుగా చక్కెర పుచ్చుకొనును. వేరొక శిలీంధ్రము కుసుమపైరునకు ఎండుతెగులు తెచ్చి చేనికి చేనే వాడిపోవునట్లు చేయును. మధ్యధరా సముద్రతీరమున ముండ్లమొక్కల వేళ్ళచెంత ఒక రుచిగల గొడుగు లేచును. ఇటలీవారు దానిని ముండ్లమొక్క పేరిటనే కార్డొంచెల్లో అని పిలుతురు. మేలు చేయునది, కీడు చేయునది, విందు చేయునది - మూడు విధముల శిలీంధ్రములును ఈ ముండ్లజాతిని ఆశ్రయించియే యున్నవి. ఎంత ముండ్లు కట్టుకొన్నను ఒంటరిగా బ్రతుకు ప్రాణి లేదు.

ఇట్లు చూచినచో రెండింటికిని సామ్యము కూడ కనబడును. మనము పువ్వు అనుకొన్నది పువ్వుల ఊరు. మనము మొక్క అనుకొన్నది మట్టిలోని బూజుయొక్క ఫలము. రెండింటియందును పైకి కనిపించునది ఒకటి, నిజము మరొకటి. వచ్చు వానకాలమున మదనపల్లె సంతకు గాని, పుంగనూరు బాటప్రక్కకు గాని గంపలో ఆకులు పరచి పుట్టగొడుగులు తెచ్చువారు వచ్చినప్పుడు, ధర అడుగుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుడు. ఇవి పుట్టమీద లేచినవేనా? ఆ పుట్టమీద కొన్నింటిని విడిచి వచ్చితిరా? మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము మీ యింటివారికి క్షేమము. రెండవదానికి సరియైన సమాధానము మరుసటి యేటి గంపకు క్షేమము.